కింది నుంచి చదివే బాబాయి

మా గ్రంథాలయంలో పాత పేపర్ల గదిని చూసుకునే ఆయన్ని అందరూ చావుల బాబాయి అంటారు. పొద్దున్నే తాళం తీసి, కళ్ళజోడు తుడుచుకుని, ఆ రోజు పేపర్లో ఆయన మొట్టమొదట తెరిచేది మరణ ప్రకటనల పేజీ.

“ఏం బాబాయ్, ఇవాళ మనవాళ్ళెవరైనా పోయారా?” అని లైబ్రేరియన్ గుమ్మంలోంచే అరుస్తాడు.

“నీ ఫొటో కోసమే చూస్తున్నా. ఇంకా రాలేదు,” అంటాడు బాబాయి తలెత్తకుండా.

ఆయన నాకు బంధువేమీ కాదు. ముప్పై ఏళ్ళు ఒక పత్రికలో ప్రూఫులు దిద్ది ఇక్కడికి వచ్చాడు. నేను చేరింది బీరువాల దుమ్ము దులపడానికి, చిరిగిన పేజీలకు పల్చటి కాగితం అంటించడానికి. ఎనిమిదో తరగతి మధ్యలో నాన్న మంచాన పడితే బడి మానేసి, అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని గుండీలు కుట్టినదాన్ని. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. చూడటం మాత్రం చూస్తూనే ఉంటాను.

బాబాయి దగ్గరికి రకరకాల మనుషులు వస్తారు. తాతగారు ఏ సంవత్సరం పోయారో తెలియనివాళ్ళు, విడిపోయిన పెదనాన్న పిల్లలు ఎక్కడున్నారో కావాలనేవాళ్ళు. నెలకొకటి చొప్పున కుట్టించిన సంపుటాల్లోంచి కావలసినది తెచ్చి బల్లమీద పరుస్తాడు. ఎవరైనా వేలు తడి చేసుకుంటే, “అది మీ ఇంట్లో క్యాలెండరు కాదు బాబూ,” అంటాడు. ఆ తరువాత ప్రకటనను కింది నుంచి చదవమంటాడు.

“పైన ఫొటోలో ఉన్నాయన ఇంకేం చెప్తాడు? కిందున్న పేర్లు చూడండి. ఏడ్చినవాళ్ళే దారి చెప్తారు.”

ఆయన చుట్టూ అలా వెతుక్కునేవాళ్ళను రెండేళ్ళు చూశాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

అమ్మకు అయిదేళ్ళప్పుడు, ఒక బస్సు ఆఖరి స్టాపులో ఒంటరిగా ఏడుస్తుంటే, బట్టలు కుట్టుకుని బతికే ఒకావిడ చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఆవిడే మా అమ్మమ్మ. పోలీస్ స్టేషన్లో చెప్పింది, ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. కొత్త పేరు పెట్టి, కన్నకూతురికంటే ఎక్కువగా పెంచింది. అమ్మకు గుర్తున్నవి రెండే విషయాలు. తనకొక అన్న ఉండేవాడు. గోడగడియారాలు బాగుచేసే తండ్రిని ఊరంతా ‘గంటల మేస్త్రీ’ అనేది. తన అసలు పేరు కూడా తెలియదు. ఇంట్లో చిన్నీ అనేవాళ్ళట. చిన్నీ అని పిలిచే పిల్ల లేని ఇల్లుంటుందా?

“తప్పిపోయానా, వదిలేశారా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలు,” అని అమ్మ నా ముందు రెండు మూడుసార్లే అంది. కానీ బస్సు ఎక్కిన ప్రతిసారీ నా మణికట్టు గట్టిగా పట్టుకుంటుంది. నాకిప్పుడు ఇరవై మూడేళ్ళు.

నోటితో అడగలేక, పాఠకులు రాసిచ్చే చీటీ మీద ‘గంటల మేస్త్రీ, గోడగడియారాలు, ఒక కొడుకు’ అని రాసి బాబాయి బల్లమీద పెట్టి పక్కకు తప్పుకున్నాను.

“ఇదెవరిదే?” అన్నాడు. నేను చేయెత్తాను.

“నిన్న తుమ్మావు, ముక్కుందని తేలింది. నోరుందా లేదా అని రెండేళ్ళుగా చూస్తున్నా తల్లీ. కూర్చో, చెప్పు.”

చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క జోకూ వెయ్యలేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం తిండి అయ్యాక ఒక గంట నాది. తొమ్మిది నెలలు చదివాను. ఎంతమంది పోయారో, ఎంతమందికి ఎంతమంది మిగిలారో! చివరికి పంతొమ్మిదేళ్ళ కిందటి పేపర్లో ఒకావిడ ఫొటో కింద ‘గంటల మేస్త్రీ గారి భార్య’ అని కనిపించింది. ఆత్రంగా కిందికి చూశాను. ‘కొడుకు, కూతురు’ అని, ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ఉత్సాహమంతా నీరుగారిపోయింది. మా అమ్మ అప్పటికే ఇరవై మూడేళ్ళ ముందు తప్పిపోయిన పిల్ల. ఈ కూతురు తల్లి చావుకు ఇంట్లో ఉన్న కూతురు. ఇంకెవరో గంటల మేస్త్రీ అనుకుని పేజీ తిప్పేశాను. అమ్మకు చెప్పనేలేదు.

నెల తరువాత, “నీ మేస్త్రీ ఏమయ్యాడే?” అని బాబాయి అడిగితే సంగతి చెప్పాను.

“ఒక్క ఏడాదే చూశావా? ఎంత తెలివైనదానివే! పోయినవాళ్ళను తలుచుకుంటూ కొందరు ఏటా అదే తేదీకి మళ్ళీ వేయిస్తారు. పద.”

వాళ్ళు వేయించారు. ఏటా అదే తేదీ, అదే ఫొటో. మేమిద్దరం పంతొమ్మిది సంపుటాలు దించాం. నాలుగో ఏడు కొడుకు పేరు పక్కన కోడలు చేరింది. ఆరో ఏడు ఒక మనవడు, తొమ్మిదో ఏడు మనవరాలు. బాబాయి స్కేలును ఆ వరుసల కింద జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆపాడు.

“కొడుకు సంసారం పెరుగుతోంది. ఈ కూతురు చూడు. మొదటి ఏడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఈ పిల్ల పెరగడం లేదేమే?”

“పెళ్ళి చేసుకోలేదేమో బాబాయ్.”

“అయ్యుండొచ్చు. అడిగితే పోయేదేముంది? ఇదిగో, కింద ఫోన్ నంబరుంది.”

“మీరు చెయ్యండి.”

“మీ అమ్మ కోసం నేను మాట్లాడితే ఎవరో ముసలాడు మాట్లాడినట్టుంటుంది. నువ్వే చెయ్యాలి.”

ఫోన్ నా చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అవతల ఒక మగగొంతు పలికింది. అనుకున్నవన్నీ మరిచిపోయి, “మీ చెల్లెలుగారు ఉన్నారా అండీ?” అన్నాను.



“ఎక్కడో ఉంది. లేదని ఎవరన్నారు?” అన్నాడాయన.

ఎలా అడిగానో తెలియదు, అడిగాను. ఆయన చెప్పాడు. అప్పుడాయనకు పదకొండేళ్ళు. బస్టాండులో చెల్లెల్ని బెంచీమీద కూర్చోబెట్టి నీళ్ళకు వెళ్ళాడు. వచ్చేసరికి బెంచీ ఖాళీ. ఏ బస్సెక్కేసిందో ఎవరూ చూడలేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు వెతికారు. తండ్రి కొట్టు మూసుకుని మరీ రెండేళ్ళు తిరిగాడు, తరువాత తల్లికంటే ముందే పోయాడు. తల్లి పోతూ ఒకటే చెప్పిందట, నా పేరు ఎక్కడ రాసినా దాని పేరూ రాయాలి, అది ఎప్పుడైనా చూసుకుంటే తీసేశామనుకోకూడదు అని.

“ఇంతకీ మీరెవరమ్మా?”

“సాయంత్రం మా అమ్మ మాట్లాడుతుంది,” అని పెట్టేశాను. బాబాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, గ్లాసుతో నీళ్ళు ఇచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మకంతా చెప్పి, నేనే నంబరు నొక్కి స్పీకరు పెట్టాను. ఇద్దరూ ముందు నమ్మకం చాలనట్టు, పొడిపొడిగా మాట్లాడుకున్నారు. అప్పుడాయన, “మా ఇంట్లో చప్పుడు పడక గోడగడియారం లోలకం పట్టుకుని ఆపేసేది ఎవరు?” అన్నాడు.

అమ్మ కళ్ళు మూసుకుని, లోలకం పట్టుకున్నట్టు చెయ్యెత్తింది.

“నేనే. తన్నులు తిన్నది మాత్రం నువ్వు.”

అవతల ఆయన నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. “ఇన్నాళ్ళకు ఒప్పుకున్నావే దొంగా!” అన్నాడు.

ఆదివారం మామయ్య మా ఇంటికి బయలుదేరి వస్తున్నాడు. శనివారం అమ్మ ఉతికిన చీర కట్టుకుని గ్రంథాలయానికి వచ్చింది. బాబాయికి రెండు చేతులూ జోడించింది.

“నాకెందుకమ్మా దండాలు? నేను సంపుటాలు మోశానంతే. వెతికింది నీ కూతురు. పేరు తియ్యకుండా ఉంచింది మీ అన్న,” అన్నాడాయన.

అలా అంటాడని నాకు తెలుసు. నేను తిప్పేసిన పేజీ దగ్గరికి వెనక్కి వెళ్ళింది ఎవరో కూడా నాకు తెలుసు. అది ఆయన ముందు చెప్పగలిగే నోరు నాకింకా రాలేదు, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

అమ్మ చూస్తానంది. బాబాయి నన్ను ముట్టుకోనివ్వకుండా తనే ఒక్కో సంపుటాన్నీ తెచ్చి, సరిగ్గా ఆ పేజీ తెరిచి పెట్టాడు. అమ్మ తన తల్లి ఫొటోను చూసింది. ఇప్పుడు ఇద్దరిదీ దాదాపు ఒకటే వయసు. తరువాత కిందికి వచ్చి, అన్న ఫోన్‌లో చెప్పిన తన పేరును పైకి చదివింది. ఏడాది తరువాత ఏడాది, పంతొమ్మిదిసార్లు చదివింది.

“ఒక్క ఏడాది కూడా మానలేదు,” అంది నాతో.

గది మూసే వేళ దాటిపోయింది. లైబ్రేరియన్ గుమ్మంలోకి వచ్చి, చూసి, అరవకుండానే వెళ్ళిపోయాడు.

“అన్నయ్యా, మొదటిది మళ్ళీ ఒక్కసారి చూపిస్తారా?” అంది అమ్మ.

“దానికేం భాగ్యం,” అని బాబాయి మళ్ళీ స్టూలెక్కాడు.