పంక్తిలో గటుక

నైజాం పాలన పోయి, ఆంధ్రప్రదేశ్ ఇంకా రాని ఆ నడిమి రోజుల్లో మా ఖానాపూర్ వైపు మనుషులకు రెండు రకాల తిండి ఉండేది. తినేది ఒకటి, తిన్నామని చెప్పుకునేది ఒకటి. తినేది గటుక. మక్కలను, అంటే మొక్కజొన్నలను, ఇసుర్రాయిలో పగలేసి, పొట్టు చెరిగి, ఆ రవ్వను గట్టిగా ఉడికించి చల్ల పోసుకుని తినేవాళ్లం. చెప్పుకునేది తెల్ల బువ్వ. గటుక తినే వేళ ఎవరైనా గడప తొక్కితే ఆడవాళ్లు కంచం మీద చేట బోర్లించేవారు. (దేవుడి దగ్గరా అదే నాటకం. ఆయనకు గటుక నైవేద్యం పెట్టగా నేను చూడలేదు. సర్వజ్ఞుడికి కూడా మేమేం తింటున్నామో తెలియదని మా వాళ్ల ధీమా.)

అప్పుడు నేను బడిలో కొత్త పంతులును, మా చర్చా సంఘానికి కార్యదర్శిని. మర పట్టిన బియ్యంలో తవుడుతో పాటు సారం కూడా పోతుందని ఎక్కడో చదివాను. అంతే, నా శత్రువుల్లో జ్యోతిషం పక్కన తెల్ల బువ్వ చేరింది. ఏ సభ జరిగినా, విషయం ఏదైనా, నా ఉపన్యాసం చివరికి గటుక బలం దగ్గరికి వచ్చి ఆగేది. మా సంఘం అధ్యక్షుడు ఒక వకీలు. ఎవరేం చెప్పినా "కారణం?" అని నిలదీస్తాడు గనుక ఊరు ఆయనకు కారణం సారు అని పేరు పెట్టింది. ఆయన నా ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టేవాడు.

ఊరు అంటరానివాళ్లంటూ దూరం పెట్టిన వాడ జనంతో ఒకే పంక్తిలో కూర్చుని తినాలని మా సంఘం తీర్మానించింది. సంగతి విని మా బాపు అరుగు మీదినుంచే తీర్పు చెప్పాడు. "ఆళ్లు నీ పంక్తిల కూసోరు. కూసున్నా తినకుంట లేస్తరు, సూడు." వాళ్లు నిజంగా లేచిపోతే ఆ ఊళ్లో ఇంకెవరూ ఇలాంటి మాట ఎత్తరని నాకు తెలుసు. అందుకే వంట సంగతి కూడా నేనే నెత్తికెత్తుకున్నాను. ఒక్క దెబ్బకు కులమూ కూలాలి, తెల్ల బువ్వా కూలాలి అని గటుక వండించాను.

చుట్టాల్లా పిలుస్తున్నామని నేనే వాడకు వెళ్లి చెప్పొచ్చాను. వాడ జనం ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లల తలలకు నూనె రాసి వచ్చారు. బడి ఆవరణలో మోదుగాకు విస్తర్ల ముందు కూర్చున్నారు. మొదటి విస్తరి అందరూ పెద్దవ్వ అని పిలిచే ముసలామెది. గటుక పడగానే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇదేంది బిడ్డా అని అడిగింది. నేను తవుడు దగ్గర మొదలుపెట్టి నరాల బలం దాకా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"గిది మంచిదని మాకెర్కనే. పొద్దుగాల గిదే తిని వచ్చినం. సుట్టాల లెక్క పిలుస్తున్నం అన్నవ్ గద, మరి మీ ఇంటికి సుట్టాలొస్తె గటుకనే పెడ్తరా?"

నేను కారణం సారు వైపు చూశాను. ఆ ఒక్కసారి ఆయన కారణం అడగలేదు. జనం లేస్తారేమోనని పంక్తికి అడ్డంగా చేతులు చాపాను.

"పరేషాన్ గాకు. మేం లేస్తలేం," అన్నది పెద్దవ్వ. "బువ్వ ఉడికేదాంక గిట్లనే కూసుంటం."

ఇంటికి పరుగెత్తాను. అరుగు మీద బాపు, లేచిపోయిండ్రా అని అడిగాడు. లేవలేదనీ, బువ్వ కావాలంటున్నారనీ చెప్పాను. లోపల్నుంచి నన్ను కన్న అవ్వ అందుకుంది. "మొన్న గా కారణం సారు తిననీకొస్తె, గటుక దాసిపెట్టు, బువ్వ వండు అంటివి గదరా. గా పొద్దు నీ బలం యాడ వోయింది?" (నిజమే, ఆ మాట అన్నాను. అధ్యక్షుడు కదా.)

బాపు నవ్వాడు. "అడిగి పెట్టించుకునేటోళ్లు సుట్టాలేరా. గా పండుగ బియ్యం తియ్యి." ఆయన పంక్తిలో కూర్చోలేదు, అది ఇంకో యుద్ధం. కాని బియ్యం బస్తా బడి మలుపు దాకా తనే మోశాడు.

బువ్వ ఉడికింది. వాడ జనం తిన్నారు, పక్కన మా సంఘం వాళ్లూ తిన్నారు. కారణం సారు రెండోసారి కూడా విస్తరి చాపాడు. నా విస్తరిలో బువ్వ పడబోతుంటే పెద్దవ్వ గరిటె ఆపింది. "ఈ పిల్లగానికి గటుక పెట్టున్రి. బలమొస్తది. మల్ల ఉపన్యాసమియ్యాలె గద." పంక్తి పొడవునా నవ్వులు. గుండిగెడు గటుక ముందు నేనొక్కణ్ణే సిద్ధాంతానికి కట్టుబడి కూర్చున్నాను.

ఇప్పుడు, ఈ ముసలితనంలో, చక్కెర జబ్బని డాక్టర్ నన్ను తెల్ల బువ్వ మానెయ్యమన్నాడు. రోజూ గటుకే. ఇంటికి చుట్టాలొస్తే మాత్రం మా ఆవిడ బియ్యమే కడుగుతుంది. వాళ్ల కంచాల్లో ఆవిర్లు చూస్తుంటే తవుడు సంగతి నాలుక చివరిదాకా వస్తుంది. అంతలో పెద్దవ్వ చెయ్యి గరిటె మీద కనిపిస్తుంది. నా గటుకలో ఇంకొంచెం చల్ల పోసుకుని, వాళ్లకు మారు వడ్డించమంటాను.