అగ్గిపుల్లకు ముందు సబ్బు నురగ

మా ఆవిడకు ముక్కు పనిచెయ్యదు. కరోనా జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇందులో ఏముందండీ, ఇసుకా?" అని నవ్వేది. అప్పటినుంచి మా అమ్మాయి ఒకటే పోరు, అమ్మను ఒంటరిగా గ్యాస్ దగ్గరికి వెళ్లనివ్వద్దని. ఆవిడ వినే రకమా? "ముక్కు పోయింది గానీ చేతులు పోలేదే" అనేది. ఆవిడను ఆ వంటింట్లోంచి తప్పించడమంటే ఇంట్లోంచి తప్పించినట్టే.

అందుకే రబ్బరు గొట్టం తీసేసి, సిలిండర్ బాల్కనీలో పెట్టి, గోడలోంచి రాగి పైపు వేయించాం. భద్రంగా ఉంటుందని! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పని జరిగిన రోజు నేను నల్లకుంటలో అమ్మాయి ఇంట్లో ఉన్నాను. రాత్రి తిరిగొచ్చేసరికి ఫిట్టర్ వెళ్లిపోయాడు. మా ఆవిడ అలవాటు ప్రకారం రెగ్యులేటర్ కట్టేసి పడుకుంది.

మర్నాడు పొద్దున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో నడక ముగించుకుని తార్నాకలో మా గుమ్మం ముందు చెప్పులు విడుస్తున్నాను. గుప్పున కొట్టింది, కుళ్లిన ఉల్లిపాయల వాసన. గ్యాస్‌కు పుట్టుకతో ఆ వాసన లేదు, మనుషులు పసిగట్టాలని కావాలనే కలుపుతారు. పసిగట్టలేని మనిషి వంటింట్లో దేవుడి అర ముందు నిలబడి ఉంది. తలకు తడి తువ్వాలు, ఎడమ చేతిలో అగ్గిపెట్టె, కుడి చేతిలో పుల్ల. కాఫీ కోసమని ముందే రెగ్యులేటర్ తిప్పి స్నానానికి వెళ్లిందట.

"గీయకు!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. "ఏమైందండీ, దేవుడి ముందు ఆ అరుపులేంటి?"

అగ్గిపెట్టె లాక్కుని, ఫ్యాన్ స్విచ్ జోలికి పోకుండా కిటికీలు తెరిచి, బాల్కనీలోకి వెళ్లి రెగ్యులేటర్ కట్టేశాను. ఆవిడను చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీద కూర్చోబెట్టాను. సంగతి చెప్పాను. ఆవిడ వేళ్ల మధ్య మిగిలిపోయిన పుల్లను చూస్తూ కూర్చుంది.

ఫోన్ చేస్తే ఫిట్టర్ వారాసిగూడ నుంచి బండి మీద వచ్చాడు.

"ఏంది సార్, లీకంటున్నరు? టేప్ మస్తు చుట్టిన గద. ఇంకొకలైతే గంత టేప్ పెట్టరు."

"ఎక్కడ చుట్టావ్?"

"గీడనే, నట్టు లోపట. ఆగుండ్రి, ఒక్క నిమిషంల చూపిస్త" అంటూ జేబులోంచి లైటర్ తీశాడు.

లైటర్! లీకు ఎక్కడుందో మంట పెట్టి వెతుకుతాడట. మణికట్టు పట్టుకున్నాను.

"అరే, అందరం గిట్లనే చూస్తం సార్. చిన్న మంటొస్తది, ఊదితే పోతది."

"నువ్వూ పోతావు, నేనూ పోతాను. లోపల పెట్టు."

"సార్ ఇంజనీరా?"

"ఎనిమిదో తరగతి."

"ఐతే నేనే ఎక్కువ సదివిన. ఇంటర్."

పైగా నవ్వు. నాకు నవ్వు రాలేదు. నేను చేసింది క్యాంపస్‌లో కెమిస్ట్రీ ల్యాబ్ స్టోర్‌లో ఉద్యోగం. అక్కడ పారేసిన పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని కుస్తీ పట్టి చదివిన చదువు నాది. ఆ ల్యాబ్‌లో సెలవుల తర్వాత బర్నర్లు వెలిగించే ముందు ప్రతి గ్యాస్ కుళాయికీ సబ్బు నురగ పూసేవాళ్లం. బుడగ లేచిందా, ఆ బల్ల మీద పని బంద్. ఎంత పెద్ద ప్రొఫెసర్ తొందరపెట్టినా అంతే. అక్కడ నురగ చేసిన పనికి ఇక్కడ లైటర్ వచ్చిందన్నమాట!

పొయ్యి వెనక పైపు కలిసే నట్టు విప్పించి చూశాను. రాగి పైపు మూతిని ఉమ్మెత్త పువ్వులా వెడల్పు చేస్తారు. ఆ మూతి ఎదుటి ఇత్తడి మొన మీద, లోహానికి లోహం ఆని కూర్చోవాలి. గ్యాస్‌ను ఆపేది ఆ ఆనికే. నట్టు మరలు దాన్ని నొక్కి పట్టడానికి మాత్రమే. ఈ మహానుభావుడు నీళ్ల కుళాయికి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపును ఇత్తడి మొన మీద దాకా, పుండుకు కట్టు కట్టినట్టు చుట్టాడు. ఇక మూతి ఎక్కడ ఆనుతుంది? టేపు మడతల పక్కనుంచి గ్యాస్ దారి చేసుకుంది.

"నీళ్లకు గిట్లనే చేస్త సార్, ఒక్క సుక్క కారదు."

"నీళ్లు కారితే నేల తడుస్తుంది నాయనా. ఇది కారితే?" మెట్ల వైపు చూపించాను. "ఆవిడకు వాసన తెలీదు."

అతని మొహం పాలిపోయింది. "నాకు తెల్వదు సార్. అమ్మ చెప్పలే."

ఆ తర్వాత వాదించలేదు. టేపు గోళ్లతో పీకి, మొన శుభ్రంగా రుద్ది, పైపు చివర కోసి మూతి మళ్లీ చేశాడు. గోడ దగ్గర ఇంకో జాయింటు ఉంది, అక్కడ మరలే గ్యాస్‌ను ఆపాలి. దానికి గ్యాస్ పైపులకు వాడే మందపాటి టేపు తెప్పించాను. బిగించే వైపుకే చుట్టించాను, తునకలు లోపలికి పోకుండా మొదటి మర వదిలేయించి. మా పై వాటాలో కూడా ఇతనే పైపు వేశాడని తెలిసి, వదలకుండా అక్కడికీ లాక్కెళ్లి సరిచేయించాను.

తిరిగొచ్చాక నురగ పెట్టడానికి బ్రష్ వెతుకుతుంటే, మా ఆవిడ నేను గడ్డానికి వాడే బ్రష్, సబ్బు కప్పు పట్టుకుని వచ్చింది. నాకు ఇవ్వలేదు. తనే వంగి ఒక్కో జాయింటుకూ పూసింది. నేను రెగ్యులేటర్ తిప్పాను. ముగ్గురం తలలు వంచి చూశాం. బుడగ లేవలేదు.

సాయంత్రం అమ్మాయి ఫోన్. "నాన్నా, ఇంక ఆ గ్యాస్ వద్దు. వంటమనిషిని పెడదాం. అమ్మ వంటింట్లోకి వెళ్లడానికి వీల్లేదు."

సరేనందామనే నోరు తెరిచాను. పొద్దుటి పుల్ల కళ్ల ముందు నుంచి పోవడం లేదు మరి. ఆవిడ ఫోన్ లాక్కుంది. "వాసన తెలీదంతే కదే. బుడగ కనబడదా నాకు? మీ నాన్న గడ్డం బ్రష్ ఈరోజు నుంచి నాది."

ఇప్పుడు రోజూ పొద్దున్నే రెగ్యులేటర్ తిప్పి, జాయింట్లకు నురగ పూసి, కళ్లజోడు సర్దుకుని చూస్తుంది. ఆ తర్వాతే దీపం. నేను నడకకు ఆలస్యంగా బయలుదేరుతున్నాను. చెప్పులు వేసుకుని గుమ్మంలోనే నిలబడతాను, లోపల పుల్ల గీసిన చప్పుడు వినబడేదాకా. వినబడగానే రోజూ ఉలిక్కిపడతాను.