నీలం లైట్లు చూసి కొన్న పాటల సెట్టు

ఆ రోజుల్లో కారంటే నాకు నాలుగు చక్రాల మీద తిరిగే పాటల పెట్టె. ఇంజను సంగతి మెకానిక్కు చూసుకునేవాడు, పాటల సంగతి నేను. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేరిన రెండో ఏడు ఒక పాత కారు కొన్నాను. సరిగ్గా అప్పుడే రాజమండ్రి నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి స్కూలు టీచరు, వాళ్ళ నాన్నగారు చర్చిలో పాటలు నేర్పే క్వయర్ మాస్టారు. ఫొటో చూసిన దగ్గర్నుంచి మూడు రోజులు నాకు అన్నం సయించలేదు (మా అమ్మ నులిపురుగులనుకుని మందు కూడా తెచ్చింది). శనివారం మాస్టారు అమ్మాయిని వెంటబెట్టుకుని మా ఇల్లు చూడ్డానికి వస్తున్నారనీ, సామర్లకోటలో రైలు దిగుతారనీ కబురొచ్చింది. ఈ సంబంధం తప్పిపోతే ఇంక పెళ్ళే వద్దని నేను ఒట్టు కూడా పెట్టేసుకున్నాను.

అంతటి పాటల మాస్టారిని పాటలు లేని కారులో ఎక్కించడమా! శుక్రవారం ఆఫీసు ఎగ్గొట్టి కారు సెట్లు అమ్మే షాపుకు పరిగెత్తాను. షాపాయన నా ముందు రెండు పెట్టాడు. ఒకటి నల్లగా, ముంగిలా ఉంది. రెండోది అబ్బో, పెళ్ళిపందిరే! నీలం లైట్లు పైకీ కిందికీ గంతులేస్తున్నాయి.

"ఇదేమో వినడానికండి, అదేమో చూడ్డానికండి. రెండూ ఒకదాంట్లోనే కావాలంటే మీ కారు కంటే దాని ఖరీదే ఎక్కువవుద్దండి. పోనీ చెరో పాటా పెట్టి వినిపించమంటారా?" అన్నాడు పాపం, నిజాయితీగా.

"వినిపించక్కర్లేదండి, ఆ లైట్లు ఇంకోసారి వెలిగించండి" అన్నాను నేను. ఆయన నా మొహం వంక జాలిగా చూసి, లైట్ల సెట్టూ, దాని తాలూకు పెద్ద స్పీకరు బాక్సూ బిగించేశాడు.

మర్నాడు మాస్టారు రైలు దిగారు, భుజాన అరటిగెలతో. వెనకాలే అమ్మాయి. ఫొటో కన్నా బాగుంది. హుషారుగా డిక్కీ తెరిచాను. అందులో బాక్సు తప్ప నిమ్మకాయ పట్టే చోటు లేదు. "పర్లేదండి బాబూ, ఒళ్ళో పెట్టుకుంటానండి" అంటూ గెలతో సహా నా పక్కన కూర్చున్నారాయన. అమ్మాయి వెనక సీట్లో కూర్చుంది. కారు కదలగానే ఆయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు.

"మొన్న ఈస్టరుకి మా క్వయర్ పాడిందండి. వింటూ వెళ్దామా?"

మీట నొక్కాను. లైట్లు చిందులేశాయి. డిక్కీలోంచి ధబ్, ధబ్‌మని ఎవరో దుంగలు దించుతున్న చప్పుడు. సీట్లు అదిరాయి, గెల అదిరింది, పళ్ళు ఒక్కొక్కటే ఊడి మాస్టారి కాళ్ళ దగ్గర పడ్డాయి. పాట మాత్రం ఎక్కడుందో తెలియలేదు. ఆయన చెవి రిక్కించి చాలాసేపు ఓపిక పట్టారు.

"బాబూ, ఇందులో మా అమ్మాయి ఒక్కతే పాడిన చరణం ఉండాలండి."

"వస్తుందండి, ముందుందేమోనండి."

"అయిపోయిందండి."

నేను రోడ్డు వంక మరీ శ్రద్ధగా చూడసాగాను.

"కొనేముందు ఒక్కసారైనా విన్నారాండి?" అన్నారాయన, మెల్లగానే.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కానీ దాటలేదు. "లేదండి. లైట్లు చూసి కొనేశానండి."

అప్పుడు వెనక సీట్లోంచి మొదటిసారి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "నన్నూ అంతేగా? ఫొటో చూసి సరే అనేశారంట."

"అమ్మాయ్!" అన్నారు మాస్టారు.

సంబంధం పోయినట్టేనని తీర్మానించుకుని, కాలవ పక్కన కారాపి సెట్టు కట్టేశాను. "ఆ చరణం మీరు పాడితే వింటానండి" అన్నాను. ఎలా అన్నానో ఇప్పటికీ తెలీదు. ఆమె తండ్రి వంక చూసింది. ఆయన తలూపారు. లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటే ఆ అమ్మాయి చరణం మొత్తం పాడింది, మాస్టారు గెల మీద తాళం వేశారు. నాకు సంగీతం ఓనమాలు కూడా తెలీవు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అబ్బాయికి కొనడం రాదమ్మా. వినడం వచ్చులే" అన్నారు మాస్టారు.

ఇన్నేళ్ళు పిల్లల మీద అరిచి అరిచి మా ఆవిడ గొంతు కాస్త బొంగురుపోయింది. అయినా దారిలో కూనిరాగం తీసిందంటే నేను కారులో ఏ పాట మోగుతున్నా ఆపేస్తాను. ఆ వెర్రి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. బతుకులో వాడు తెలివిగా చేసింది ఒక్కటే, ఆ రోజు కారాపడం.