రోజూ గురి తప్పే మాస్టారు

గురి మాస్టారు గురి లేకుండా మంచినీళ్ళు కూడా తాగరు. గ్లాసు చేతిలోకి తీసుకుని, "సగం వరకు, ఒలకకుండా" అని పైకే చెప్పుకుని అప్పుడు ఎత్తుతారు. సగానికి చేరకముందే చొక్కా తడుస్తుంది. "తప్పింది. మళ్ళీ చూద్దాం" అని హాయిగా నవ్వి, ఆ తడి చొక్కాతోనే క్లాసుకి పోతారు. ఆయన చెప్పేది సాంఘిక శాస్త్రం. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కాబట్టి హెచ్చెమ్ గారికి తెలుసు. మిగతా బడికంతటికీ ఆయన గురి మాస్టారే.

అలాంటి మనిషంటే గిట్టనివారు బడి మొత్తం మీద ఒక్కరే, లెక్కల మాస్టారు. పగ కాదు, తగాదా కాదు. వట్టి కడుపుమంట.

ఆ మంటకి కారణం లేకపోలేదు. గురి మాస్టారు రాకముందు బడిలో వెలిగింది లెక్కల మాస్టారే. ఆయన వరండాలో నడిచి వస్తుంటే గోడకి చేరగిలిన చీపురు కూడా నిటారుగా నిలబడేదని చెప్పుకునేవారు. చేత్తో గీసిన వృత్తం వృత్తలేఖినితో గీసినట్టుండేది. బోర్డు మీద ఆయన తప్పు రాయగా చూసిన పిల్లవాడు ఇంతవరకూ పుట్టలేదు. అలాంటిది, గంట కొడితే ఆయన క్లాసులోంచి పిల్లలు గేటు తెరిచిన గొర్రెల్లా బయటపడతారు. గురి మాస్టారి క్లాసులోంచి మాత్రం గంట కొట్టినా కదలరు. పక్క గదిలో నిలబడి ఆ నవ్వులు వింటుంటే లెక్కల మాస్టారికి చేతిలో సుద్దముక్క పొడి అయ్యేది.

పోనీ బడి దాటితే ఆ బెడద తప్పుతుందా అంటే, అదీ లేదు. ఒక ఆదివారం ఇద్దరూ సెలూన్లో పక్కపక్క కుర్చీల్లో దొరికారు.

"ముందు గురి చెప్పు నాయనా," అన్నారు గురి మాస్టారు, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుంటూ.

"గురి ఏంటి సార్? కటింగే కదా," అన్నాడు సెలూన్ అతను.

"కటింగ్ అనేది పని. గురి వేరు. పనయ్యాక నేనెలా ఉండాలి?"

అతను అద్దంలోకి చూశాడు. ఉన్న కాస్త జుట్టునూ చూశాడు. "ఉన్నంతలో బాగుండాలి సార్."

"భేష్. కానివ్వు."

పని ముగిశాక, "సాధించామా?" అని అడిగారు. అతను కాసేపు నసిగి, "కుడిచెవి దగ్గర కొంచెం తప్పింది సార్" అన్నాడు. గురి మాస్టారు లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపేశారు. "నిజం చెప్పావు. చెవిదేముంది, జుట్టు మళ్ళీ వస్తుంది." తర్వాత సెలూన్ అతను లెక్కల మాస్టారి వైపు తిరిగి, దువ్వెన ఎత్తి పట్టుకుని, "మరి మీ గురి ఏంటి సార్?" అన్నాడు. త్వరగా ఇల్లు చేరడం అన్నారు లెక్కల మాస్టారు, పళ్ళు కొరుకుతూ.

బడిలో అసలు విడ్డూరం ఇంకొకటి. బడికి ఒక ప్రొజెక్టరూ, పిల్లలకి కొన్ని ట్యాబులూ వచ్చాయి. గురి మాస్టారు పొద్దున్నే తన గురి బోర్డు మీద రాస్తారు: "ఈ యంత్రాన్ని ఎవరి సాయమూ లేకుండా వెలిగించాలి." ఆ కింద పిల్లలు ఎవరి గురి వాళ్ళు రాసుకుంటారు. ఒకడు పటం కొలతలతో గీయాలంటాడు, ఒకడు పక్కవాడిని గిల్లకుండా పీరియడ్ గడపాలంటాడు. గురి మాస్టారు మీట నొక్కుతారు. తెర వెలగదు. ఆ వైరు లాగుతారు, ఈ వైరు తడుముతారు, యంత్రానికి నమస్కారం పెడతారు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. ఆఖరికి ఎవరో ఒకరు లేచి వచ్చి, "ఇదిగోండి సార్, ఇది ఊడింది" అని సరిచేస్తారు. ఆయన తన గురి ఎదురుగా "తప్పింది" అని పెద్ద అక్షరాలతో రాసి పాఠం మొదలుపెడతారు.

ఏడాది పొడుగునా ఇదే తంతు. "మీట నొక్కడం రాని మనిషికి టెక్నాలజీ టీచరని పేరు," అని లెక్కల మాస్టారు ఇంట్లో భార్య దగ్గర వాపోయేవారు.

ఇంట్లో అయినా ఓదార్పు దొరికిందా? కూతురు ఎనిమిదో తరగతి, అదే బడి. ఓ సాయంత్రం వంటింట్లోంచి పకపకమని నవ్వు వినిపించింది. కూతురు రెండు చేతులతో గాలిలో వైర్లు లాగుతూ, గురి మాస్టారిలా గొంతు పెట్టి తల్లికి చూపిస్తోంది. లెక్కల మాస్టారు గుమ్మంలోకి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి.

"ఏంటమ్మా అంత నవ్వు?"

"ఏం లేదు నాన్నా." పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

"నేనొస్తే ఎందుకాపేసింది?" అని భార్యని అడిగారు.

"మీకు చెప్తే మీరు నవ్వరండీ. సరిదిద్దుతారు," అంది ఆవిడ, కూర కలుపుతూ.

ఆ మాట ఎక్కడో తగిలింది. కానీ తగిలిన చోట మందు రాసుకోవాల్సింది పోయి, ఆయన గురి మాస్టారి మీద ఇంకొంచెం కారం రాసుకున్నారు. తన కూతురు బడిలో ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. తల దించుకుని, నోరు మెదపకుండా కూర్చుంటుంది. అదంతా క్రమశిక్షణ అనీ, తన పెంపకమనీ ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయారు. అంత నవ్వు దానిలో ఉందని మొదటిసారి వినడం, అదీ ఇంకొకరి పుణ్యాన.

ఇంతలో హెచ్చెమ్ గారు ఒక కబురు చెప్పారు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు చూడటానికి వస్తున్నారు. టెక్నాలజీ వాడుతూ, పిల్లలు తమ లక్ష్యాలు తామే పెట్టుకునేలా ఒక మాదిరి పాఠం కావాలి. ఎవరైనా పాఠ్యప్రణాళిక ఇవ్వొచ్చు.

లెక్కల మాస్టారు నడుం కట్టారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని త్రికోణాల మీద స్లైడ్లు చేశారు. ఒక త్రికోణం ఎడమ నుంచి దూసుకొస్తుంది, ఒకటి కుడి నుంచి. మూడోది మధ్యలో గిర్రున తిరుగుతుంది, బూర శబ్దంతో సహా.

"ఈ త్రికోణం ఎందుకు తిరుగుతోందండీ?" అంది భార్య.

"టెక్నాలజీ."

"ఆగితే దాని మీద రాసింది చదవొచ్చు కదా."

ఆయన దాన్ని ఇంకాస్త వేగంగా తిరిగేలా చేశారు.

హెచ్చెమ్ గారు రెండు ప్రణాళికలూ ముందు పెట్టుకుని ఇద్దరినీ పిలిచారు. "మాస్టారూ, మీరు ‘విద్యార్థుల లక్ష్యం: నూటికి తొంభై మార్కులు’ అని రాశారు. పిల్లలందరూ ఇదే అన్నారా?"

"అనరండీ. వాళ్ళ తరఫున నేనే అన్నాను."

"అయితే ఇది మీ లక్ష్యమే కదా." ఆవిడ గురి మాస్టారి వైపు తిరిగారు. "మీరు ఈ చోటు ఖాళీగా వదిలేశారు."

"పిల్లల్ని ఇంకా అడగలేదండీ. అడిగాక నిండుతుంది. వానపడితే మన వీధిలో నీళ్ళు ఎటు పోతాయో ట్యాబులతో ఫొటోలు తీసి పటం చేస్తారు. అందులో ఎవరు ఏం సాధించాలో వాళ్ళిష్టం."

ఖాళీ చోటుకి హెచ్చెమ్ గారు ముచ్చటపడి తలూపడం చూసి లెక్కల మాస్టారికి కళ్ళు బైర్లు కమ్మాయి. తాను నిండుగా రాసింది తప్పయింది, ఆయన రాయకపోయింది ఒప్పయింది. ఆఖరికి ఆవిడ ఇద్దరినీ నొప్పించలేక, ఎనిమిదో తరగతిలోనే గురి మాస్టారిది మొదటి పీరియడ్, లెక్కల మాస్టారిది రెండో పీరియడ్ అని తేల్చారు.

ఆ రోజు లెక్కల మాస్టారు బడికి అందరికంటే ముందు వచ్చాననుకున్నారు. తీరా తరగతి గది కిటికీ దగ్గరికొచ్చేసరికి లోపల ఎవరో ఉన్నారు. గురి మాస్టారు. ఆయన చేతులు చూసి లెక్కల మాస్టారు అక్కడే నిలబడిపోయారు. యంత్రానికి నమస్కారాలు లేవు, తడుములాటలు లేవు. వైర్లు టకటకా బిగిశాయి. తెర వెలిగింది. ట్యాబులన్నీ ఒకదాని తర్వాత ఒకటి కలిశాయి. మొరాయించిన ఒక ట్యాబును విప్పి, ఊది, మళ్ళీ మూసి, ఈల వేస్తూ పక్కన పెట్టారు. మీట నొక్కడం రాని మనిషి కాదు ఆయన. యంత్రాల కొట్టు పెట్టుకుని బతకగల మనిషి.

అంతా చూసుకున్నాక గురి మాస్టారు వంగి, ల్యాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్‌కి వెళ్ళే వైరును మెల్లగా ఊడదీసి, అలా వేలాడదీసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

'అమ్మ దొంగా,' అనుకున్నారు లెక్కల మాస్టారు. విషయం ఆయనకి అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. ఏమీ రానట్టు నటించి, పిల్లల చేత చేయించి, వచ్చినవాళ్ళ చేత శభాష్ అనిపించుకోవడం. ఏడాదిగా ఇదే నాటకం. గబగబా లోపలికి వెళ్ళి ఆ వైరును యథాస్థానంలో గట్టిగా దూర్చారు. ఆ తోపులో ఆయన ఏడాది అసూయంతా ఉంది.

మొదటి పీరియడ్. వెనక కుర్చీల్లో వచ్చిన టీచర్లు, వారి చివర లెక్కల మాస్టారు. గురి మాస్టారు ఎప్పటిలా తన గురి రాసి మీట నొక్కారు. తెర భళ్ళున వెలిగింది.

ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయారు. పిల్లలు "సార్ సాధించారు" అని చప్పట్లు కొట్టారు. వచ్చినవాళ్ళూ కొట్టారు. లెక్కల మాస్టారు మాత్రం మూడో బెంచీ వైపు చూస్తున్నారు. అక్కడ సగం లేచిన ఒక చెయ్యి మెల్లగా దిగిపోయింది. అది ఆయన కూతురి చెయ్యి. ఏదో చెప్పబోయి తెరిచిన నోరు మూసుకుని, తల దించుకుంది. రోజూ లెక్కల పీరియడ్‌లో ఎలా దించుకుంటుందో, అచ్చం అలాగే.

పిల్లలు ముందే తీసి తెచ్చిన వీధి ఫొటోలతో గుంపులుగా ట్యాబుల మీద పడ్డాక గురి మాస్టారు వెనక్కి వచ్చి ఆయన పక్కన చతికిలబడ్డారు.

"మాస్టారూ, ఆ వైరు ఎవరు పెట్టుంటారంటారు?" అన్నారు గుసగుసగా.

"నేనే. మీరు ఊడదీయడం చూశాను."

"అయ్యో. నేను రోజూ ఊడదీస్తాను."

"ఎందుకు? చప్పట్ల కోసమా?"

"చప్పట్లా?" గురి మాస్టారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "కొంతమంది పిల్లలు నోరు విప్పాలంటే ముందు ఎవరో ఒకరు తప్పు చెయ్యాలండీ. వాళ్ళు చేస్తే భయంతో చచ్చిపోతారు. అందుకని నేను చేస్తాను. మీ అమ్మాయి మొదట్లో వైరు వైపు వేలు చూపించేది అంతే. తర్వాత లేచి వచ్చింది. తర్వాత రెండు మాటలు. ఇవాళ కొత్తవాళ్ళందరి ముందూ నిలబడి, ఏం పాడైందో, ఎలా బాగవుతుందో చెప్పి, ఆ తర్వాత వాననీళ్ళ పటం గురించి మాట్లాడాలని గురి పెట్టుకుంది. మొదటి మాట దొరికితే మిగతావి వస్తాయని అది నాతో అంది. ఆ మొదటి మాట ఇప్పుడు లేదు."

లెక్కల మాస్టారు మళ్ళీ మూడో బెంచీ వైపు చూశారు. "నాకు ఒక్క మాట చెప్పుండొచ్చు కదా," అన్నారు చివరికి.

"చెప్దామనే అనుకున్నానండీ. కానీ మీరు తప్పు చెయ్యరు కదా. మీ అమ్మాయికి భయం అక్కడే మొదలైంది. ఇది మీతో ఎలా అనాలో నాకే తెలియలేదు." అని ఆయన చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నారు.

గంటకి ఇంకా కాస్త సమయం ఉంది. గురి మాస్టారు ముందుకెళ్ళి, పటాల గురించి ఎవరు చెబుతారని అడిగారు. మూడో బెంచీలో తల ఇంకా దిగే ఉంది. వచ్చినవారిలో ఒకరు గడియారం చూసుకున్నారు.

లెక్కల మాస్టారు లేచారు. పిల్లల పని దగ్గరినుంచి చూడబోతున్నట్టు, చేతులు వెనక్కి కట్టుకుని, ఎప్పటి దర్పంతోనే బెంచీల మధ్యకి నడిచారు. గోడ నుంచి ప్రొజెక్టర్ దాకా నేల మీద పాకిన కరెంటు వైరు దగ్గరికొచ్చారు. దాన్ని స్పష్టంగా చూశారు. చూసి, కాలు అందులోనే పెట్టారు.

నటన ఆయనకి కొత్త కాబట్టి కాస్త ఎక్కువైంది. బెంచీ పట్టుకోబోయి సుద్దముక్కల డబ్బా పట్టుకున్నారు. డబ్బాతో సహా నేల మీద బోర్లా పడ్డారు. తెర ఆరిపోయింది. సుద్దపొడి మేఘంలా లేచి ఆయన మీదే వాలింది. క్లాసు ఊపిరి బిగపట్టింది. లెక్కల మాస్టారు పడటం ఆ బడి చరిత్రలో లేదు.

"నాన్నా," అని కూతురు పరుగెత్తుకొచ్చి చెయ్యి అందించింది. తెల్లబడిన ఆయన మీసం చూసింది. ఆపుకుందామని చూసింది గానీ నవ్వు ఆగలేదు. ఆయన నేల మీదే కూర్చుని, "నేను చూసుకోలేదమ్మా. ఇదెలా బాగవుతుందో తెలియడం లేదు," అన్నారు.

"ఏం కాలేదు నాన్నా, ప్లగ్ ఊడింది. మీ కాలికి తగిలింది." ప్లగ్ పెట్టింది. తెర వెలిగేలోపు వచ్చినవాళ్ళ వైపు తిరిగింది. "వైరు ఇలా దారికి అడ్డంగా ఉంటే ఎవరికైనా తగులుతుంది. మా వీధిలో నీళ్ళకి కూడా అంతేనండి. మా మలుపు దగ్గర కాలవకి అడ్డంగా ఒక రాయి ఉంది, ఇదిగోండి ఫొటో," అని మొదలుపెట్టింది. తర్వాత గంట కొట్టినా ఆపలేదు. లెక్కల మాస్టారు సుద్దపొడి దులుపుకోకుండా కింద కూర్చునే విన్నారు. గురి మాస్టారు కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

రెండో పీరియడ్‌లో త్రికోణాలు బూర ఊదుతూ గిర్రున తిరిగాయి. పాఠమయ్యాక వచ్చిన టీచర్లందరూ ఆయన మోచెయ్యి ఎలా ఉందని మర్యాదగా అడిగి వెళ్ళారు.

సాయంత్రం తండ్రీ కూతురూ కలిసి ఇంటికి బయలుదేరారు. దారి పొడుగునా ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది. గురి సార్ ఏమన్నారు, గురి సార్ ఎలా మెచ్చుకున్నారు, గురి సార్ రేపు ఏం చేయిస్తారు. ఒక్కో ముక్కకీ లెక్కల మాస్టారి కడుపులో ఒక్కో నిప్పురవ్వ పడుతూనే ఉంది. అసూయ అంత తేలిగ్గా పోయే జబ్బు కాదు.

అయినా ఇంటి మలుపు వచ్చేసరికి, "అటువైపు నుంచి తిరిగి వెళ్దామా?" అన్నారు.

"అది చుట్టుదారి కదా నాన్నా."

"అవును," అని ఆయన చుట్టుదారి పట్టారు.