శుక్రవారం గడప దాటని కారు

కారు అమ్మేద్దామని నాన్న ఒప్పుకున్న రోజునుంచే, అది అమ్ముడుపోకుండా చూసే బాధ్యత కూడా ఆయనే నెత్తినేసుకున్నాడు.

ఇది 2011 ప్రాంతపు మాట. చిక్కడపల్లిలో లైబ్రరీకి దగ్గర్లోని సందులో మా ఇల్లు. నాన్న రిటైరయ్యాడు. నేను అమ్మానాన్నల దగ్గరే ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాను. కంటి డాక్టరు నాన్నకు గ్లకోమా అని తేల్చి, చూపు పక్కలనుంచి తగ్గుతూ వస్తోందని, ఇక కారు నడపొద్దని చెప్పేశాడు. నాన్న అక్కడ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాక మాత్రం, "నడపొద్దన్నడు గని స్టార్ట్ చెయ్యొద్దన్నడా? బ్యాటరీ డౌన్ అయితది" అన్నాడు. స్టార్ట్ చేసిన కారు గేటు దాటేది. గేటు దాటిన కారు నారాయణగూడ చూసి వచ్చేది. ఎవరిని గుద్దుతాడో, ఏ వార్త వస్తుందో అని అమ్మ అంతసేపూ గేటు దగ్గరే నిలబడేది. కారు కళ్లముందు ఉన్నంతకాలం ఆయన ఆగడు. అందుకని కారు పోవాలి. ఈ విషయంలో నాకూ అమ్మకూ రెండో మాట లేదు.

తెల్ల సెడాన్ అది. మా ఇంట్లో మాకంటే దానికే మర్యాద ఎక్కువ. ఎక్కేముందు చెప్పులు ఒకదానికొకటి కొట్టి దుమ్ము దులపాలి. సీట్లకు షోరూములో వేసిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉండేవి. ఎండాకాలం దిగేటప్పుడు మా మోచేతులు వాటికి అతుక్కుని చర్రుమనేవి. తలుపు వేసిన చప్పుడును బట్టి ఎవరు వేశారో నాన్న లోపల్నుంచే పోల్చుకుని, అక్కణ్నుంచే తిట్లు లంకించుకునేవాడు.

మొదట నల్లకుంటనుంచి ఒక వ్యాపారి వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు, కిందికి వంగాడు, మళ్లీ తిరిగాడు. "ఇంత కొత్తగ ఎట్లుంది సార్? యాక్సిడెంటయితే మొత్తం మార్పిచ్చిండ్రా?" అని అడిగాడు. నాన్న మొహం కందగడ్డయింది. "గీతలు పడ్డ బండే కావాల్నంటే రోడ్డు మీద మస్తున్నయి, పోయి చూస్కో" అని పంపేశాడు. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను.

రెండో ఆయన గోదావరి వైపు మనిషి. పద్ధతిగా మాట్లాడాడు. "బండి మాకు నచ్చిందండి, రేటు కూడా బానే ఉందండి" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు మొదలుపెట్టాడు నాన్న.

"మీకు షెడ్డున్నదా? ఎండల పెడ్తరా?"

"షెడ్డు ఉందండి."

"పిల్లలు కార్ల కూసొని తింటరా?"

"పిల్లలు కదండి, తింటారండి" అన్నాడాయన పాపం, అమాయకంగా. ఆ సంబంధం అక్కడితో తప్పిపోయింది. "పెళ్లిచూపులకు వచ్చినోళ్లను కూడ మీరు ఇంతగనం అడగలేదు" అని అమ్మ దెప్పింది. ఆ పెళ్లిచూపుల పెళ్లికూతుర్ని నేనే, అక్కడే నిలబడి ఉన్నానన్న మొహమాటం కూడా లేదు ఆమెకు.

మూడోసారి రాంనగర్‌నుంచి ఒక జంట. భార్య బడిలో టీచరు. ఆ అమ్మాయి కారు తలుపు తీసి, ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయటే విడిచి, వట్టి కాళ్లతో ఎక్కి కూర్చుంది. తప్పు పట్టడానికి నాన్నకు ఏమీ దొరకలేదు. చివరికి "చాయ్ తాగుతవా బిడ్డా?" అన్నాడు. ఆ చాయ్ చల్లారకముందే బేరం కుదిరింది.

నేనూ అమ్మా కళ్లతోనే పండగ చేసుకున్నాం. తొందరపడ్డాం.

"శుక్రవారం తీస్కపోతం అంకుల్. శుక్రవారం బండి ఇంటికొస్తే లక్ష్మి వచ్చినట్టని మా అత్తమ్మ అన్నరు" అంది ఆ అమ్మాయి.

చేతిలో గరిటెతో అమ్మ బయటికొచ్చింది. "శుక్రవారం మా ఇంట్లకెల్లి బండి ఎట్ల పంపిస్తమమ్మా? లక్ష్మిని మేమే సాగనంపినట్టు గాదా?"

అమ్మ శుక్రవారం పక్కింటికి చేబదులు చక్కెర కూడా ఇవ్వదు. గురువారం తీసుకెళ్లమంటే, ఆ అమ్మాయి భర్త ఆ రోజు ఊళ్లో ఉండడట. శనివారం అమావాస్య, పైగా శనివారం ఇనుము ఇంటికి తేకూడదని వాళ్ల అత్తగారి పట్టు. ఆదివారంనుంచి ఆషాఢం. ఆషాఢంలో ఎవరు కారు కొంటారు?

జీవితమంతా అమ్మ పంచాంగాన్ని వెక్కిరించిన మనిషి ఆ క్షణంలో పరమ భక్తుడైపోయాడు. "పెద్దోళ్ల మాట కాదనొద్దు. ఆషాఢం పోనియ్యుండ్రి, తొందరేమున్నది?" అన్నాడు, మీసాల చాటున నవ్వు దాచుకుంటూ. ఆషాఢం పోయేదాకా అంటే ఒక నెల. నెలంతా బ్యాటరీ డౌన్ కాకుండా చూసుకోవచ్చన్న మాట.

ఆ నవ్వు అమ్మ కూడా చూసింది.

"బండి గురువారం పొద్దు గూకకముందే మా ఇంట్లకెల్లి పోతది. శుక్రవారం మీ ఇంటికి వస్తది. నడుమ అశోక్‌నగర్ల మా చెల్లె ఇంట్ల ఉంటది" అంది.

"మరి శుక్రవారం చిన్నమ్మ ఇంట్లోంచి లక్ష్మి పోదా?" అన్నాను, నోరు ఊరుకోక.

"ఆమె బండి అయితే గద ఆమె లక్ష్మి పోయేది? చుట్టంగ వచ్చింది, చుట్టంగ పోతది. నువ్వు జర ఊకో." ఏ పంతులూ ఇంత చక్కగా సర్దలేడు. నాన్న మీసాలు కిందికి దిగాయి.

గురువారం సాయంత్రం తనే తీసుకెళ్తానని నాన్న చొక్కా మార్చుకుని తయారయ్యాడు. అమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఆయన అలిగి, ఎడమ పక్క సీట్లో కూర్చుని, "సీదా పోతే ఇంజన్ వేడి కూడ ఎక్కదు. నారాయణగూడ మీదకెల్లి పోనియ్" అన్నాడు. చివరిసారి కదా అని సరేనన్నాను.

దారి పొడవునా ఒకటే పాఠం. "క్లచ్ మీద కాలు తియ్యి." "ముందర గుంత ఉన్నది, మెల్లగ." అక్కడ గుంత లేదు, ఎప్పుడో పూడ్చేశారు. ఆ మాటే అని ఏడిపిద్దామని ఆయన వైపు తిరిగాను. ఆయన రోడ్డు చూడడం లేదు. తనకు గుర్తున్నది అప్పజెబుతున్నాడు.

నారాయణగూడ చౌరస్తాలో ఎడమకు తిరగాలి. "ఎడమ దిక్కు ఖాళీ ఉన్నది, తిప్పు" అన్నాడు. తిప్పబోతూ ఎందుకో అద్దంలోకి చూసి బ్రేకు తొక్కాను. స్కూటరు మీద ఒక జంట మా బానెట్‌కు జానెడు దూరంలో దూసుకుపోయింది. అతను వెనక్కి తిరిగి ఏదో తిట్టాడు.

"ఎటుకెల్లి వచ్చిండు?" అన్నాడు నాన్న.

"మీ దిక్కుకెల్లే నాన్నా."

ఆ తర్వాత పాఠం ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆయన ఒక్కడే ఇలాగే ఈ చౌరస్తా దాటి ఇంటికి వచ్చాడన్న మాట.

చిన్నమ్మ ఇంట్లో కారు పెట్టి, నడిచి వెనక్కి బయల్దేరాం. రోడ్డు దాటేటప్పుడు నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేను చూడనట్టే నడిచాను.

అమ్మ గేటు దగ్గరే ఉంది. "మంచిగ చేరిందా? ఎట్ల నడిపింది మీ బిడ్డ?" అని వేళాకోళంగా అడిగింది. నా క్లచ్ గురించి, బ్రేకు గురించి ఒక పురాణం వినడానికి సిద్ధపడ్డాను.

"బిడ్డ మంచిగనే నడిపింది. నాకే కనపడలే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మ, "మెట్టున్నది, చూస్కోండ్రి" అంటూ చెయ్యి అందించింది. ఆ మెట్టు ఆయన కట్టించిందే. అయినా ఆ చెయ్యి పట్టుకునే లోపలికి వెళ్లాడు.