లావు ఎండ్రకాయలే పడిన ఏడు

నగరి దగ్గర మా ఊరి వంకలో మా మేనత్త ఎండ్రకాయలు పట్టి సంతలో అమ్ముతుంది. ఆమె ఇల్లు దానిమీదే నడుస్తుంది. ఆ ఏడు ఒకరోజు బుట్ట దించి మురిసిపోయింది.

"సూడ్రా, అన్నీ లావు లావువే పడినాయి!"

"చిన్నవి యాడ అత్తా?"

"చిన్నవాటిని ఎవురు కొంటార్రా? పడకుంటేనే మేలు."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. వంకకు ఎగువన నూలుకు రంగులద్దే షెడ్డు ఉంది. రంగునీళ్లు కొన్నాళ్లుగా వంకలోకే వస్తున్నాయి. అందుకు ఊరి ఒప్పుదల కాగితం మీద కావాలని షెడ్డు యజమాని అడిగాడు. భయం లేదని చూపడానికి పెద్దమనుషుల ముందు తొట్టిలో ఆ నీళ్లు పోసి ఎండ్రకాయలను వేశాడు. మర్నాటికి అవి ముందుకాళ్లెత్తి తొట్టి అంచు ఎక్కబోతున్నాయి. అందరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. ఆదివారం సంతకాలన్నారు.

నేను పదితో బడి మానినవాణ్ణి. నా చదువంతా గ్రంథాలయంలోనే, నిఘంటువు పక్కన పెట్టుకుని. విషాల గురించిన ఒక ఇంగ్లీషు పుస్తకం అప్పుడు నా చేతిలో ఉంది. విషం తగిలిన జీవి బతికిందా చచ్చిందా అని చూస్తే చాలదు, దాని సంతతి నిలుస్తుందా అని లెక్క కట్టాలని అందులో రాశారు. పిల్లలు, ఎదిగేవి, పెద్దవి అని వరుసలు వేసుకోవాలి. ఏటా ఎన్ని పై వరుసకు చేరతాయో, పెద్దవి ఎన్ని పిల్లలను పెడతాయో గుణించుకుంటూ పోవాలి. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నానని గర్వంగానే చెబుతాను.

మా వంక సంగతులు మాత్రం పుస్తకంలో లేవు. తల్లి పొట్ట మడతలో ఎన్ని పిల్లలుంటాయో, అవి బుట్టకెక్కేంత కావడానికి ఎన్ని వానాకాలాలు పడతాయో అత్తనే అడిగాను. పెద్దవి ఒక్కటీ విషానికి చావవనీ, బుట్టలో చిన్నవి పడడం లేదు కనుక పిల్లలు మాత్రం బతకవనీ అనుకుని గుణించాను. కాగితం మీద మొదటి ఏళ్లలో బుట్ట నిండుగానే ఉంది. పెద్దవి ముసలివైపోగానే వరుసలన్నీ ఖాళీ. తొట్టిలో కనబడిందీ నిజమే, వంకలో ఎండ్రకాయలు లేకుండా పోయేదీ నిజమే.

"నీ కాయితంలో సచ్చినాయి, నా బుట్టలో బతికే ఉండాయి. దేన్ని నమ్మల్ల?" అంది అత్త.

ఆదివారం నేను లేచి ఇదంతా చెబితే యజమాని నవ్వాడు. "ఎండ్రకాయలకు రేషన్ కార్డులు కూడా ఇప్పిస్తావా అబ్బా?"

నేను కూర్చోలేదు. "నా లెక్క తప్పు కావచ్చు. షెడ్డుకు ఎగువన, దిగువన రాళ్లు తిప్పి పిల్లలున్నాయేమో చూడండి. నాదే తప్పయితే మొదటి సంతకం నేను పెడతా" అన్నాను.

"రాండప్పా, నేను తిప్పుతా. కాళ్లు తడిస్తే కరిగిపోతారా?" అని అత్త ముందు నడిచింది.

ఎగువన మొదటి రాయి కిందే గోరంత పిల్లలు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. దిగువన ఎన్ని రాళ్లు తిప్పినా పెద్దవే. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చాల్లే అత్తా" అన్నాను.

"ఉండ్రా, ఇంకోటి తిప్పుతా" అంది, తలెత్తకుండా.

సంతకాలు పడలేదు. నీళ్లు మాత్రం ఇంకా వస్తున్నాయి. షెడ్డు మూయమని మేము అడగడం లేదు, నీళ్లు శుద్ధి చేసి వదలమంటున్నాం. అర్జీ పెట్టాం, జవాబు వచ్చేదాకా తిరుగుతాం. నా లెక్క ప్రకారం అత్త బుట్టకు ఇంకా కొన్నేళ్ల గడువుంది. ఆలోపే ఈ పని జరగాలి.