బాబాయ్ అనని మాట

మా సుబ్రహ్మణ్యం బాబాయ్ జీవితంలో ఒక్కసారి కూడా తుపాకి పేల్చలేదు. అయినా కువైట్‌లో కొత్తగా తుపాకి కొనుక్కున్నవాళ్ళు ఎంతోమంది మొదటి పాఠం ఆయన దగ్గరే నేర్చుకున్నారు. అంబాజీపేట పక్క కొబ్బరితోటల్లో పెరిగిన మనిషి, జహ్రా దాటాక ఎడారి మొదట్లో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో కౌంటరు వెనక నిలబడి, పెద్దపెద్ద కార్లు దిగి వచ్చే కువైటీలకి తుపాకి ఎలా పట్టుకోవాలో చెప్పడం మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. ఇప్పుడు ఆ క్లబ్బు పేరు వింటే ఒళ్ళు మండుతుంది.

నా పేరు బుజ్జిబాబు, ఏసీ మెకానిక్‌ని. ఆ క్లబ్బు ఏసీలు మా కంపెనీయే చూస్తుంది. అర్దియాలో మా గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం: బాబాయ్, నేను, చినబాబు. బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు, ఒకే గదిలో ఉండి ఉండి అలా పిలవడం అలవాటైంది. చినబాబు మాత్రం ఆయనకి వరసకి బావమరిది. ఎవరింట్లోనో డ్రైవరుగా వచ్చి, ఆ ఇంటి యజమానితో పడక నానా అగచాట్లూ పడుతుంటే, బాబాయే బూ మిషాల్‌ని బతిమాలి అతనికి క్లబ్బులో కాఫీలు అందించే పని ఇప్పించాడు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం కూడా బూ మిషాల్ పేరు మీదికే మార్పించాడు.

బూ మిషాల్ అంటే మిషాల్ తండ్రి అని. అక్కడ మగవాళ్ళని పెద్దకొడుకు పేరుతో అలా పిలుచుకుంటారు. క్లబ్బు కమిటీలో ఆయన మాటకి ఎదురు లేదు. బాబాయ్ కువైట్‌లో దిగింది కూడా ఆయన ఇంటి డ్రైవరుగానే. ఆయన్ని క్లబ్బుకి తిప్పుతూ తిప్పుతూ, ఊరికే కారులో కూర్చోలేక లోపలికెళ్ళి తుపాకులు సర్దడం మొదలుపెట్టాడు. సర్దిన పద్ధతి నచ్చి క్లబ్బువాళ్ళు ఉంచేసుకున్నారు. "సుబ్రా నా తమ్ముడు" అని బూ మిషాల్ పదిమందిలో చెప్పేవాడు. బాబాయ్ అది నమ్మాడు. నేనూ నమ్మాను, దాచడమెందుకు.

కొత్తగా తుపాకి కొన్నవాడు క్లబ్బుకి రాగానే బాబాయ్ ముందు "మబ్రూక్" అని శుభాకాంక్షలు చెప్పేవాడు. ఖర్జూరాలు పెట్టి కాఫీ పోయించేవాడు. వాడు పెట్టె తెరిచి మెరిసిపోతున్న తుపాకి చూపిస్తుంటే పెళ్ళికూతుర్ని చూసినంత ముచ్చటగా చూసేవాడు. ఆ ముచ్చట తీరాక అసలు సంగతికి వచ్చేవాడు. తూటాలు ఒక బీరువాలో పెట్టండి, తుపాకి ఇంకో బీరువాలో పెట్టండి, తాళంచెవులు ఒకే గుత్తికి తగిలించకండి. పెళ్ళిళ్ళకి మాత్రం పట్టుకెళ్ళకండి, సంబరం ఎక్కువైతే వేలు మన మాట వినదు. ఇంట్లో ఎవరితోనైనా పోట్లాడి వచ్చిన రోజు ఇక్కడ కాఫీ తాగి వెళ్ళిపోండి, పెట్టె తెరవకండి. ఇవన్నీ వచ్చీరాని అరబీలో, చేతులు తిప్పుతూ చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు గానీ వినేవాళ్ళు.

అన్నిటికంటే చివరిది ఖాలీ. మన ఖాళీయే, వాళ్ళ నోట ఖాలీ. అక్కడ ఎక్కువగా వాడేది జంట గొట్టాల తుపాకి. మధ్యకి వంచితే గొట్టాల వెనకవైపు తెరుచుకుని, లోపల తూటా ఉందో లేదో కనిపిస్తుంది. ఇచ్చేవాడు అలా తెరిచి, చూసి "ఖాలీ" అనాలి. పుచ్చుకునేవాడు తన కళ్ళతో మళ్ళీ చూసి "ఖాలీ" అనాలి. రెండో గొంతు వినపడేదాకా తుపాకి చేయి మారకూడదు. ఈ రెండో గొంతు బాబాయ్ పెట్టిన కట్టుబాటే. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు తీసేవాడట. చెట్టు మీద నుంచి కేకేసేవాడు, కింద నుంచి బదులు వచ్చేదాకా గెల మీద కత్తి పెట్టేవాడు కాదు.

"మనం కేకేస్తే సరిపోదురా బుజ్జీ," అనేవాడు బాబాయ్. "అవతలోడు పలకాల. పలకలేదంటే ఇన్లేదన్నమాటే గదా."

కాల్చే చోటికి వెళ్ళేటప్పుడూ, తిరిగొచ్చేటప్పుడూ ప్రతి తుపాకీ కౌంటరు దగ్గర ఆగాలి. బాబాయ్ చూడాలి, బాబాయ్ అనాలి. బూ మిషాల్ తుపాకి అయినా అంతే. "ఇన్నేళ్ళయింది, ఇంకా నా తుపాకిలో తొంగిచూస్తావా?" అని ఆయన వేళాకోళం చేస్తే, "మీదైతే రెండుసార్లు చూస్తానండి" అనేవాడు. ఆ మాట ఆయన అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. సుబ్రా ఖాలీ అన్నాడంటే ఆ గొట్టం ముందు కళ్ళు మూసుకుని నడవొచ్చు అనేవాడు. నిజంగానే నడిచేవాళ్ళు. మనలాంటివాళ్ళ మాటకి పరాయి దేశంలో అంత విలువ దొరకడం మాటలు కాదు. బాబాయ్‌కి ఉన్న ఆస్తి అదొక్కటే.

మొన్న చలికాలంలో మిషాల్ సొంత తుపాకి కొనుక్కున్నాడు. పెళ్ళయిన కుర్రాడు, చేతిలోంచి ఫోను దిగదు. శుక్రవారం మధ్యాహ్నం తండ్రి స్నేహితులంతా చూస్తుండగా తీసుకొచ్చాడు. బాబాయ్ ఖర్జూరాలు పెట్టాడు, చెప్పాల్సినవన్నీ చెప్పాడు. కుర్రాడు సగం విన్నాడు. వెళ్ళేటప్పుడు ఖాలీ పద్ధతిగానే జరిగింది. వాడు అవతలికి వెళ్ళి గాల్లోకి ఎగిరే మట్టి బిళ్ళల మీద కాసేపు కాల్చాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆగలేదు. తుపాకి మూసి భుజాన వేసుకుని తిన్నగా కాఫీ గదిలోకి నడిచాడు. బాబాయ్ అప్పుడు ఇంకొకరి తుపాకి చూస్తున్నాడు. "మిషాల్, ఖాలీ?" అని కేకేశాడు. బదులు లేదు. చేతిలో ఉన్నది కౌంటరు మీద పెట్టి గుమ్మం దాకా పరిగెత్తాడు.

అప్పటికే తుపాకి తండ్రి చేతిలో ఉంది. నియమం ప్రకారం బూ మిషాల్ దాన్ని తెరిచి చూడాలి. చూడలేదు. అతిథులంతా కూర్చుని ఉండగా కొడుకు చేతిలోంచి తీసుకున్న తుపాకి తెరిచి చూస్తే, కొడుకుని పదిమందిలో అనుమానించినట్టు అవుతుందనుకున్నాడు. వాళ్ళకి పరువు ముందు. కొడుక్కి పెద్దరికం కట్టబెడదామని అలాగే భుజానికి ఆనించి, బరువు ఎంత చక్కగా కుదిరిందో చూడండని గొట్టం పైకెత్తి మీట మీద వేలు పెట్టి నొక్కాడు.

గుండు పైకప్పులోకి పోయింది. గాజు దీపాల గుత్తి విరిగి, ఏసీ గొట్టంతో సహా కింద పడింది. దాని కింద ట్రే పట్టుకుని ఉన్నది చినబాబు. దేవుడి దయవల్ల తల మీద పడలేదు, పాదం కోసుకుపోయింది. మంచి బట్టలేసుకున్న పెద్దమనుషులందరూ నేలమీద బోర్లా పడుకున్నారు.

ఆ గదిలో కెమెరాలు లేవు. పెద్దలు కూర్చుని మాట్లాడుకునే చోటు గదా, ఇంట్లో అతిథుల్ని కూర్చోబెట్టే దివానియాతో సమానం, కెమెరా పెడితే తప్పు పడతారు.

మర్నాడు కమిటీ కూర్చుంది. తప్పు తుపాకి గలవాడిదైతే కుర్రాడి లైసెన్సు పోతుంది, తెరిచి చూడకుండా పేల్చాడని తేలితే తండ్రి కుర్చీ పోతుంది. క్లబ్బు పనివాడి పొరపాటైతే క్లబ్బులోనే కడుక్కోవచ్చు. నేను కాఫీ గదిలో నిచ్చెన ఎక్కి తెగిన ఏసీ గొట్టం మారుస్తున్నాను. కమిటీ కూర్చున్న పక్క గది తలుపు తీసే ఉంది. నాకు అరబీ అంతా రాదు గానీ ఆ రోజు ప్రతి ముక్కా అర్థమైంది.

బూ మిషాల్ గొంతు ఏమాత్రం వణకలేదు. "సుబ్రా చూశాడు. సుబ్రా ఖాలీ అన్నాడు. అందుకే నేను తెరవలేదు."

అంతే. ఇంక ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది. సుబ్రా అన్నాడంటే తెరవక్కర్లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఇన్నేళ్ళుగా బాబాయ్ కూడబెట్టుకున్న నమ్మకాన్నే తీసి బాబాయ్ మెడకి చుట్టాడు ఆ మహానుభావుడు.

"నేను అన్లేదు," అన్నాడు బాబాయ్. "అడిగేను. ఎవరూ పలకలేదు." కంగారులో సగం తెలుగు, సగం అరబీ.

చినబాబుని పిలిచారు. పాదానికి బారెడు కట్టుతో కుంటుకుంటూ వచ్చాడు. ఏం చూశావని అడిగారు.

"నేను వంటగదిలో కప్పులు కడుగుతున్నానండి. ఏమీ చూళ్ళేదు."

వంటగదిలో కప్పులు కడిగేవాడి పాదాన్ని కాఫీ గదిలో పడిన దీపం ఎలా కోసిందని అడిగినవాడు లేడు. కమిటీ పెద్దలందరూ ఆ కట్టు చూశారు, చూసి కిటికీలోంచి బయటికి చూశారు. నిచ్చెన దిగి ఆ మాట నేను అడుగుదామనుకున్నాను. బాబాయ్ తలెత్తి నన్ను చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నా ఉద్యోగం కూడా పోవడం ఎందుకనుకున్నాడో ఏమో.

వయసు మీద పడింది, పాపం, ఒక్క పొరపాటుకి ఇంటికి పంపడం బాగుండదు అని బూ మిషాలే జాలిపడ్డాడు. మట్టి బిళ్ళలు విసిరే యంత్రం ఉండే నేలమాళిగలో పని ఇచ్చారు. రోజంతా కిందే కూర్చుని యంత్రంలో బిళ్ళలు పేర్చడమే. కౌంటరు దగ్గర కొత్తవాణ్ణి పెట్టారు.

గదిలో చినబాబు అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు.

"బావా, నా ఇఖామా ఆయన చేతిలో ఉంది. ఆయన నన్ను ముందే పిలిచి చెప్పేడు. నేనేం చెయ్యను చెప్పు."

"నన్ను అడగాల్సింది," అన్నాడు బాబాయ్. "ఎల్లా బొంకాలో ఇద్దరం కలిసి ఆలోచించుకునేవోళ్ళం."

కంచం కడుక్కుని పడుకున్నాడు. ఆ తర్వాత చినబాబుతో మాట్లాడలేదు. వాడు వారం తిరక్కుండా గది మారిపోయాడు. నాకైతే వాడి మీద జాలి కంటే అసహ్యమే ఎక్కువ కలిగింది. పెద్దవాడు తన కొడుకు కోసం ముంచాడు. వీడు, తనకి కూడు పెట్టిన మనిషినే ముంచాడు.

బూ మిషాల్ ఒకసారి అర్దియాకి వచ్చాడు. కారు దిగకుండా అద్దం దింపి, "సుబ్రా, నీకు కొడుకులున్నారు, నువ్వు అర్థం చేసుకుంటావు. నీ ఉద్యోగం నేనే కాపాడాను" అన్నాడు. బాబాయ్ "సరేనండి" అన్నాడు. పైకొచ్చాక మాత్రం మంచం మీద కూర్చుని, ఉండబట్టలేక నాతో అన్నాడు.

"ఉజ్జోగం గురించి కాదురా బుజ్జీ. నేనన్న మాట మీద జనం గొట్టం ముందు నడిచేరు. ఇప్పుడు ఈ సుబ్రమణ్యం చూడకుండానే అనేసేడనుకుంటారు. ఆయన నన్ను కొట్టినా బాగుండును."

ఎండలు ముదరకముందు క్లబ్బులో పోటీలు పెట్టారు. ఆ ఉదయం కౌంటరులో కొత్తవాడు జ్వరంతో రాలేదు. జనం బారులు తీరారు. వేరే దారిలేక మేనేజరు కింద నుంచి బాబాయ్‌ని పిలిపించాడు. నేను కాఫీ గది గుమ్మం మీది ఏసీకి జల్లెడలు మారుస్తున్నాను. బాబాయ్ ఒంటి మీది మట్టి దులుపుకుని, చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

వరసలో మొదటివాడు బూ మిషాల్. వెనక కమిటీవాళ్ళు, ఆ వెనక కొత్తగా తుపాకులు కొన్న కుర్రాళ్ళు. ఆయన ఎప్పటిలాగే తుపాకి వంచి, తెరిచి, "ఖాలీ" అని నవ్వుతూ అందించాడు. అంతా మామూలైపోయిందని అనుకున్నట్టున్నాడు.

బాబాయ్ అందుకున్నాడు. ఒక గొట్టంలోకి చూశాడు, రెండోదాంట్లోకి చూశాడు. మీదైతే రెండుసార్లు చూస్తానన్నాడు గదా, మళ్ళీ చూశాడు. తుపాకి అలాగే తెరిచి ఆయన చేతుల్లో పెట్టేశాడు. పెదవి కదపలేదు.

ఆయన ఆగాడు. ఆ మాట లేకుండా లోపలికి అడుగు పెట్టడానికి లేదు. ఆ నియమానికి కమిటీలో చెయ్యెత్తినవాళ్ళలో ఆయనే మొదటివాడు.

"అను, సుబ్రా. వెనక జనం ఉన్నారు."

"నేను అనని ఖాలీ ఒకటి మీ దగ్గరుంది గదా, బూ మిషాల్," అన్నాడు బాబాయ్, అందరికీ వినపడేలా, మంచి అరబీలో. ఆ ముక్క నేలమాళిగలో కూర్చుని ఎన్నిసార్లు అనుకున్నాడో. "దాన్నే వాడుకోండి."

వెనక నిలబడ్డ కమిటీవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేదు. చినబాబు కాఫీ ట్రేతో గుమ్మంలో నిలబడి, ఇంకా కుంటుతున్న కాలితో వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. కాసేపటికి బూ మిషాల్ తుపాకిని పెట్టెలో పెట్టుకుని కారు దగ్గరికి నడిచాడు.

"యల్లా, తర్వాతెవరు?" అన్నాడు బాబాయ్.

తర్వాతివాడు కమిటీ మనిషే. తుపాకి తెరిచి, చిన్న గొంతుతో "ఖాలీ" అని అందించాడు. బాబాయ్ రెండు గొట్టాలూ శ్రద్ధగా చూసి, తిరిగిచ్చేసి, మూడోవాడి కోసం చెయ్యి చాపాడు. కొత్త కుర్రాళ్ళ తుపాకులు కూడా అంతే శ్రద్ధగా చూశాడు. ఆ మాట మాత్రం ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు.